చేటెడు తవుడు

మా అత్త ఓబులమ్మ ఏ దేవుడి దగ్గరా ఊరికే చెయ్యి చాచి ఎరగదు. గండి ఆంజనేయస్వామికి ఆకుపూజ, ఊరి గంగమ్మకు చీర, దర్గాలో చక్కెర ఫాతెహా, ఎవరికి ఏది ఇవ్వాలో ముందే ఒప్పుకుని, మాట తప్పకుండా ముట్టజెప్పేది. అంత నికార్సయిన మనిషికి కూడా ఇద్దరు మనవసంతానం దక్కలేదు. ఇద్దరూ నా కడుపున పుట్టినవాళ్ళే. మొదట మగబిడ్డ, తర్వాత ఆడబిడ్డ. పేరు పెట్టే పండగ దాకా ఇద్దరిలో ఒక్కరూ నిలవలేదు. పెరట్లో దానిమ్మ చెట్టు పక్కన ఉన్నారు. వాళ్ళ ఊసెత్తితే ఇక ముందు పుట్టేది కూడా పోతుందని అత్త భయం. అందుకని ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. నాకు ఏడుపొస్తే చేన్లోకి పోయి ఏడ్చుకుని, ముఖం కడుక్కుని వచ్చేదాన్ని.

కర్నూలు రాజధానిగా ఉండిన రోజులవి. ఎలక్షన్లు అయిపోయినా జమ్మలమడుగు గోడల మీద పార్టీల గుర్తులు ఇంకా మాసిపోలేదు. మూడోసారి నెలలు నిండుతున్నప్పుడు నాకు కాళ్ళు వాచి, జ్వరం పట్టుకుంది. పులివెందుల దోవలో ఉన్న మా పల్లె నుంచి ఎద్దులబండి కట్టుకుని, ఎండిపోయిన పెన్న ఇసుక దాటి, నన్ను జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో చేర్చారు. మా ఇంటాయన సేద్యం పనులకని వెనక్కు పోయాడు. అత్త నాతో ఉండిపోయింది.

ఆ ఆసుపత్రిలో రోగితో పాటు ఇంటివాళ్ళూ కాపురం పెట్టేవాళ్ళు. వరండా వెనక వేపచెట్ల కింద రాళ్ళ పొయ్యి మీద సంగటి కెలుక్కునేవాళ్ళు. అత్త వచ్చీ రాగానే మూటలు విప్పి సర్దుకుంది. రాగిపిండి, చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు. అన్నిటికీ అడుగున ఒక కొత్త చేట, పాత చీరగుడ్డలో కట్టిన కొర్ర తవుడు. తవుడు ఎందుకో నాకు తెలుసు. పక్క మంచం మీది కూతురికి తోడుగా ఉన్న హజరాబీకి తెలియదు. ఆమె ప్రొద్దుటూరు మనిషి, కంటికి కనిపించినదాని గురించి అడగకుండా ఉండలేదు.

"ఏందక్కా, కోడలికి వైద్యం చేపిచ్చేదానికి వచ్చి బర్రెకు మేత తెచ్చుకున్నావే?" అంది.

"బర్రెకు కాదు మే. సావుకు," అంది అత్త.

బిడ్డలు దక్కని ఇళ్ళలో అది పాత ఆచారం. పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టి పరాయి మనిషికి అమ్మేస్తారు. ఆమె పిడికెడు తవుడిచ్చి కొనుక్కుంటుంది. ఆనాటి నుంచి ఆ బిడ్డ ఆమెది. కన్నతల్లి పాలిస్తుంది, అంతే. ఇంట్లో మిగతావాళ్ళు ముట్టరు, మాదని అనరు. వెతుక్కుంటూ వచ్చిన చావు, ఇది వీళ్ళ బిడ్డ కాదనుకుని తిరిగిపోతుంది. కొన్నాళ్ళు గడిచాక ఇంటివాళ్ళు చేటెడు తవుడు ఎదురిచ్చి బిడ్డను తిరిగి కొనుక్కుంటారు. అట్లా దక్కిన ఆడపిల్లకు తవిటమ్మ అని పేరు. ఇద్దరు పోయినా అమ్మాలన్న తెలివి తనకు తట్టలేదే అని అత్త లోపల్లోపల కుమిలిపోయేది.

"అమ్మేది ఎవురికి?" అంది హజరాబీ.

"చూస్తాండా. మాకు ఏ పొత్తూ లేని మనిషి కావల్ల."

"నేనుండా గదక్కా, నాకు అమ్ము."

"నువ్వు నన్ను అక్కా అంటివి. ఇంగ పొత్తు లేకపోయేదెట్ల?"

ఎండ వరండా బండల మీది నుంచి దిగిపోయే వేళకు రాహేలమ్మ వచ్చేది. తెల్లచీర, చంకలో పటాల చుట్ట. పిల్లల్లేని విధవరాలు. రోగుల పక్కన కూర్చుని తన మతం సంగతులు చెప్పడం ఆమె పని. వినాలనుకున్నవాళ్ళు వినొచ్చు, లేకపోతే అటు తిరిగి పడుకోవచ్చు. జనం ఆమెను పటాలమ్మ అనేవాళ్ళు. ఊరి బయటి పల్లెలో పుట్టిన మనిషని తెలిసిన క్షణాన మా అత్త మంచినీళ్ళ కడవను గోడవారకు జరిపింది. రాహేలమ్మ అది చూసింది. తానే ఇంకొంచెం ఎడంగా కూర్చుని, గోడకున్న మేకుకు పటం తగిలించింది.

నాకు ఆ మాటలు సగం మెలకువలో, సగం జ్వరంలో వినిపించేవి. అందుకే ఏ మాట ఆమె చెప్పింది, ఏది నా కలలోది అని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. తొలి పటంలో అంతా చీకటి, నీళ్ళు. దేవుడు ఒక్కడేననీ, ఆయన నోటిమాటతోనే వెలుతురు, నేల, చెట్లు, చేమలు, మనిషి అన్నీ పుట్టాయనీ అంది. మనిషిని పనికోసం కాదు, ముద్దుకోసం చేసుకున్నాడంది. నేను కళ్ళు మూసుకుంటే పెన్న నిండుగా పారుతోంది. ఎప్పుడూ ఇసుకే చూసిన కళ్ళకు ఆ నీళ్ళు చల్లగా తగిలేవి. ఒడ్డున ఎవరో ఇద్దరు పిల్లలు నాకు వీపు పెట్టి కూర్చుని, తడి ఇసుకతో గూళ్ళు కట్టుకుంటూ ఉండేవాళ్ళు.

మర్నాటి పటంలో తోట, చెట్టు, ఆలూమగలు. దేవుడు వద్దన్న పండు తిన్నారని రాహేలమ్మ చెబుతుంటే మా అత్తకు నవ్వొచ్చింది.

"పండు తిన్నందుకా ఇంత రభస? మా ఊర్లో పిల్లోల్లు దినామూ మామిడికాయలు దొంగిలిస్తారు."

"పండు కాదు పెద్దమ్మా. నాయన మన మంచే కోరతాడనే నమ్మకం పోయింది చూడు, అదీ తప్పు. ఆ పొద్దు ఆయనకు దూరమైన మనిషి ఇంగ దగ్గరికి రాలేకపాయ. ఆ దూరాన్నే మేము పాపం అంటాం. సావు దాని ఎనకాల్నే వచ్చింది."

చావు పేరు వినేసరికి అత్త నవ్వడం మానేసింది.

పశువుల పాక పటం మాత్రం అత్తకు బాగా నచ్చింది. దూరమైన మనిషిని వెతుక్కుంటూ దేవుడే మనిషై పుట్టాడనీ, ఏసు అని ఆయనకు పేరనీ, పుట్టడానికి చోటు దొరక్క గొడ్లపాకలో పుట్టాడనీ రాహేలమ్మ చెప్పింది. అత్త పటం దగ్గరికి పోయి వంగి చూసింది.

"గొడ్లు తినే గాడిలో పండబెట్టినారే! గడ్డి గుచ్చుకోదూ సంటిబిడ్డకు?"

"ఈయన మా ఈసా నబీ, మర్యమ్మ కొడుకు," అంది హజరాబీ. "మేమూ శానా గౌరవిస్తాం. దేవుని కొడుకనే మాట మాత్రం మేం ఒప్పుకోం."

"తెలుసమ్మా. నేను నమ్మేది నేను చెప్తాండా," అంది రాహేలమ్మ.

తండ్రి, కొడుకు, పరిశుద్ధాత్మ, ముగ్గురూ కలిసి ఒక్క దేవుడే అన్నప్పుడు మాత్రం అత్త పట్టుకుంది. అదెట్లా కుదురుతుందని నిలదీసింది. రాహేలమ్మ, "నాకూ పూర్తిగా తెలీదు పెద్దమ్మా. నమ్మినా, అంతే," అంది. ఆమె పోయాక అత్త నాతో, "తెలీదని ఒప్పుకునే మనిషిని ఈ యాపారంలో ఇదే మొదలు చూసేది," అంది. ఆ మాటలో కొంచెం మెప్పు ఉంది. మరుసటి రోజు కడవను మళ్ళీ ఎప్పుడూ ఉండే చోటికి జరిపింది.

శిలువ పటం రోజు వడగాలి. వరండా తడికెల మీద నీళ్ళు చల్లారు. ఏ తప్పూ చేయని వాడిని మేకులు కొట్టి చంపారనీ, మనుషులందరి తప్పునూ ఆయన తన మీద వేసుకున్నాడనీ, చంపినవాళ్ళను సైతం క్షమించాడనీ రాహేలమ్మ చెప్పింది. నమ్మి చెయ్యి పట్టుకుంటే చాలు, దూరం పోతుందంది. అత్త తన లెక్క తాను అడిగింది.

"మీ దేవునికి ఏం మొక్కుకోవల్ల?"

"ఏమీ మొక్కుకోనక్కరలేదు."

"తలనీలాలు?"

"వద్దు."

"కోడి, పొట్టేలు?"

"ఏదీ వద్దు పెద్దమ్మా. ఊరికే ఇస్తాడు. మన కాడ ఏముండాదని ఆయనకిచ్చేది?"

అత్త హజరాబీ వైపు తిరిగి, "ఏమీ తీసుకోకుండా పని చేసిపెట్టే దేవుడు యాడన్నా ఉంటాడా? ఏదో మతలబు ఉండాది," అంది.

ఇంకో పటంలో రాతిగుహ, దొర్లిపోయిన బండ, లోపల ఎవరూ లేరు. ఏసు మూడోనాడు లేచాడంది. ఆయన లేచాడు గనుక చనిపోయినవాళ్ళందరూ ఒకనాటికి లేస్తారనీ, ఒక్కొక్కరినీ దేవుడు పేరు పెట్టి పిలుస్తాడనీ అంది. నేను మంచం మీద లేచి కూర్చున్నాను. అన్ని రోజులూ నేను నోరు విప్పి ఒక్క మాట అడిగింది లేదు.

"పేరు పెట్టకముందే పోయిన బిడ్డలుంటే? వాళ్ళనేమని పిలుస్తాడు?"

రాహేలమ్మ పటం చుట్టబోతూ ఆగిపోయింది. అత్త అటు తిరిగి పడుకుని ఉంది, నిద్రపోయిందనుకున్నాను.

"ఈ మాట ఎవురూ అడగలేదు పాపా," అంది రాహేలమ్మ మెల్లగా. "నాకు తెలీదు. తల్లి మనసులో ఏ పేరుంటే ఆ పేరే అయ్యుంటాదనుకుంటాండా."

నా మనసులో రెండు పేర్లు ఉండేవి. ఎవరికీ చెప్పలేదు, మా ఇంటాయనకు కూడా.

కాన్పు కష్టమైంది. డాక్టరమ్మ నుదుటి మీద చెమట తప్ప నాకు ఇంకేమీ గుర్తు లేదు. తెల్లవారుతుండగా ఆడపిల్ల పుట్టింది. అత్త తలుపు దగ్గర నిలబడి, ఏడుపు విని, లోపలికి రాలేదు. చూస్తే ముట్టుకోవాలనిపిస్తుందని నేలచూపులు చూస్తూ అడిగింది.

"ఊపిరి బాగుండాదా?"

"బాగుంది అత్తా."

"అయితే నాకు చూపిచ్చొద్దు."

రాహేలమ్మ ఎప్పటిలాగే వచ్చేసరికి చేట సిద్ధంగా ఉంది. పాత మెత్తటి గుడ్డ పరిచి, హజరాబీ నా బిడ్డను అందులో పడుకోబెట్టింది. అత్త రెండు చేతులతో చేట ఎత్తుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, రాహేలమ్మ ముందు నిలబడింది.

"దీన్ని కొనుక్కో."

సంగతి విన్నాక రాహేలమ్మ వెనక్కి తగ్గింది. "బిడ్డను కొనేదానికి నేనెవర్ని పెద్దమ్మా? ఇట్లాంటివి మేము చేయకూడదు. ప్రాణం దేవుని చేతిలో ఉండాది గానీ తవుడులో లేదు."

"నీ దేవుని చేతిలోనే ఉండనీ. నాది కాదని ఒక్క మాట అనిపిచ్చు. నీ కాళ్ళు మొక్కుతా."

నీళ్ళ కడవను గోడవారకు జరిపిన మనిషి ఆ మాట అంది. ముఖం అటే తిప్పుకుని, చేటను ఇంకా ముందుకు చాచింది. రాహేలమ్మ ఆ చేతుల వంకే చూసింది. చెంగు కళ్ళకు అద్దుకుని, ఆసుపత్రి గొడ్డుసావిడి దాకా పోయి పిడికెడు తవుడు తెచ్చింది. అత్త కొంగులో పోసి, చేటలోంచి బిడ్డను ఎత్తుకుంది.

"ఈ బిడ్డను నా దేవుని పేరు మీద తీసుకుంటాండా," అంది.

"ఎవురి పేరు మీదైనా తీసుకో. మాది కాకుంటే చాలు," అంది అత్త. అని, వేపచెట్ల కిందికి పోయి, పొయ్యి ముందు చాలాసేపు అట్లాగే కూర్చుంది.

ఆ తర్వాతి రోజులు నాకు ఎప్పుడు తలుచుకున్నా వేపపూల వాసనతో గుర్తొస్తాయి. జ్వరం దిగింది. ఒళ్ళు దూదిలా ఉండేది. పొద్దున్నే రాహేలమ్మ వచ్చేది. కొన్నది తాను గనుక నీళ్ళు పోయాల్సిందీ తానే. కాళ్ళు చాపి, కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టి, ఆముదం రాసి, గోరువెచ్చటి నీళ్ళు పోసేది. పిల్లల్లేని మనిషికి అంత ఒడుపు ఎక్కడిదో. వాళ్ళ గుడిలో పాడే పాటలు జోలపాటల్లా సాగదీసి పాడేది. మా అత్త స్తంభం చాటున నిలబడి, "తల కింద చెయ్యి పెట్టు," "చెవుల్లో నీళ్ళు పోతాయి," "నలుగు ఇంగా రోంత రుద్దు," అని దూరం నుంచే పురమాయించేది. ఆమె చేతివేళ్ళు చీర అంచును నలుపుతూ ఉండేవి. తన మనవరాలికి ఇంకొకరు నీళ్ళు పోస్తుంటే చూసి ఓర్చుకోవడం ఆమె పడిన కష్టాలన్నిటిలోకీ పెద్దది అనుకుంటాను.

ఒకరోజు నీళ్ళు పోస్తూ రాహేలమ్మే అంది.

"పెద్దమ్మా, నువ్వు ఈ బిడ్డను నాకు అమ్మిన నాటినుంచి నాకొకటి అనిపిస్తాంది. శిలువ పటం కాడ నీకు సరిగ్గా చెప్పలేకపోతి. మా దేవుడు చేసింది కూడా ఇదే. చేయి దాటిపోయిన బిడ్డల్ని తిరిగి కొనుక్కున్నాడు. తవుడిచ్చి కాదు, తన ప్రాణమే ఇచ్చి."

"ఎవురి కాడనుంచి కొనుక్కున్నాడు?" అంది అత్త స్తంభం చాటు నుంచి.

"సావు కాడనుంచి."

ఆ పూట అత్త నలుగు గురించి పురమాయించలేదు.

హజరాబీ కూతురిని తీసుకుని ప్రొద్దుటూరు వెళ్ళిపోయింది. పోతూ నా బిడ్డ చెవిలో ఏదో చదివి ఊదింది. మా ఇంటాయన బండి తెస్తానని కబురు పంపాడు. అత్త మూట విప్పి, కొర్ర తవుడు చేట నిండా గోపురంగా పోసి, రాహేలమ్మ ముందు పెట్టింది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని ఉంది.

"తవుడు తీసుకో పటాలమ్మా. మా బిడ్డను మాకియ్యి."

రాహేలమ్మ బిడ్డను గుండెకు ఆనించుకుని ఉంది. ఇవ్వాల్సిన రోజు వస్తుందని తెలిసినా ఆమె ముఖం వాడిపోయింది. అయినా ముందుకొచ్చి బిడ్డను నా ఒళ్ళో పెట్టింది.

"తీసుకపోండి పెద్దమ్మా. తవుడొద్దు."

"వద్దంటే ఎట్ల? కొంటివి గదా. తక్కువైందా? ఇంగా కావల్లంటే ఊరినుంచి తెప్పిస్తా."

"తక్కువై కాదు. ఇన్నాళ్ళూ నేను నీకేం చెప్తి? దేవుడు ఊరికే ఇస్తాడు, ఎదురు అడగడు అంటి. ఆయన పేరు మీద తీసుకున్న బిడ్డకు ఇప్పుడు చేటెడు తవుడు పుచ్చుకుంటే, నేను చెప్పిందంతా కూలికోసం చెప్పినట్లే గదా పెద్దమ్మా."

"నీ మాట నువ్వు నిలబెట్టుకుంటాండావు. నేనేం కావల్ల?" అత్త గొంతు పైకి లేచింది. "నా పిల్లోల్లు ఇద్దరు మన్నులో ఉండారు. ఊరికే వచ్చిన బిడ్డను ఎవురైనా ఊరికే ఎత్తుకపోతారు. ఎదురిచ్చి తీసుకుంటేనే అది నాది. లేకుంటే నేను దాన్ని ముట్టను."

నా పిల్లోల్లు ఇద్దరు. ఆ మాట అత్త నోటి నుంచి వినడం నాకు అదే మొదలు. కానీ తర్వాతి మాట వినగానే నేను బిడ్డను దగ్గరికి లాక్కున్నాను. అత్త అన్నదంటే అన్నట్టే. ఆమె ముట్టని ఇంట్లో, ఆమె మాది అనని ఇంట్లో నా బిడ్డ ఎట్లా పెరగాలి? పుచ్చుకోమ్మా అని రాహేలమ్మను బతిమాలాను. ఆమె తల అడ్డంగా ఊపింది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, బిడ్డ పాదాన్ని ఒకసారి వేళ్ళతో పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తొందరలో పటాల చుట్ట మరిచిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా చేట వరండాలోనే ఉంది. పిచ్చుకలు వచ్చి తవుడు చిమ్మితే అత్త అదిలించింది. నేను బిడ్డకు పాలిస్తూ కునికాను. మళ్ళీ పెన్న ఒడ్డు. ఈసారి నది ఎండే ఉంది, పిల్లలు మాత్రం అక్కడే ఉన్నారు. పిలుద్దామని నోరు తెరిస్తే గొంతు రాలేదు. కళ్ళు తెరిచేసరికి అత్త పటాల చుట్ట విప్పుకుని కూర్చుని ఉంది. ఒడిలో గొడ్లపాక పటం. దాని పక్కనే శిలువ పటం.

"రాధమ్మా," అంది నా వైపు చూడకుండా. "ఈ గాడిలో బిడ్డ, ఈ మేకులు కొట్టినోడు, ఇద్దరూ ఒకరే గదా?"

"ఒకరే అత్తా."

"అంటే ఆ దేవునికి గూడా బిడ్డ పోయినాడన్నమాట."

"మళ్ళీ లేచినాడంట గదా," అన్నాను.

"లేచినాడులే. లేసేదాకా ఆ నాయన ఎట్ల ఉండినాడో." పటం మీద గడ్డిని వేలితో తడిమింది. "బిడ్డను పోగొట్టుకున్నోడు ఇంగొకరి బిడ్డను ఎత్తుకపోతాడా?"

అది నన్ను అడిగింది కాదు. పటాలను మళ్ళీ జాగ్రత్తగా చుట్టి, దారం కట్టి, మేకుకు తగిలించింది.

మర్నాడు పొద్దు వాలేసరికి బండి వచ్చింది. వెళ్ళేముందు ఒకసారి చూడాలని డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. బిడ్డను మంచం మీద పడుకోబెట్టి, అత్తను చూస్తూ ఉండమన్నాను. చూడడానికేం, చూస్తానంది. లోపలుండగా బిడ్డ ఏడుపు వినిపించింది. ఆకలి ఏడుపు కాదు, ఉలికిపాటు ఏడుపు. వెళ్ళబోతే డాక్టరమ్మ ఆగమంది. ఏడుపు పెరిగింది. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది. డాక్టరమ్మ చెయ్యి విడిపించుకుని బయటికి వచ్చేశాను.

అత్త వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. బిడ్డ ఆమె ఒళ్ళో, ఆమె చిటికెనవేలు పట్టుకుని ఉంది. అత్త దాని ముఖంలోకి చూస్తోంది. ఇన్ని రోజుల్లో తొలిసారి ఇంత దగ్గరగా చూడడం. ముక్కు, చెవులు, నుదురు, ఒక్కొక్కటే. నేను వచ్చినట్టు తెలిసినా తల ఎత్తలేదు.

"దీనికి మీ మామ చెవులు వచ్చిండాయి మే. చెప్పనే లేదే," అంది.

చేట మెట్టు పక్కన ఖాళీగా ఉంది.

"తవుడు ఏమాయె అత్తా?"

"ఎద్దులకు పెట్టినా. ఎండనపడి వచ్చిండాయి, పాపం."

వేపచెట్టు కింద మా ఎద్దులు మూతులకు తవుడు అంటించుకుని నెమరు వేస్తున్నాయి. మా ఇంటాయన ఏమీ అర్థంకాక నన్నూ వాళ్ళమ్మనూ మార్చి మార్చి చూశాడు. నేను అక్కడే గోడకు ఆనుకుని, నోట్లో చెంగు కుక్కుకుని ఏడ్చాను. అత్త కసరలేదు.

రాహేలమ్మ బండి దగ్గరికి వచ్చింది. అత్త ఆమెను పేరు పెట్టి పిలిచింది. "రాహేలమ్మా, ఊరికే తీసుకపోతాండా. సరేనా?" అంది, కొంచెం కోపంగానే. రాహేలమ్మ నవ్వింది, ఏడ్చింది. "చేట నీకుంచుకో, ఇంగ మాకెందుకు," అని అత్త చేట ఆమె చేతికిచ్చింది. అది వెల కాదని ఇద్దరికీ తెలుసు.

పెన్నలోకి దిగేసరికి ఎండ చల్లారింది. చక్రాలు ఇసుకలో దిగబడుతూ, గుసగుసలాడుతూ పోతున్నాయి. దూరంగా చెలమల దగ్గర ఆడవాళ్ళు నీళ్ళు తోడుకుంటున్నారు. నది పొడుగునా వెలుతురు పచ్చగా పరుచుకుని ఉంది. జ్వరంలో చూసిన ఒడ్డు ఇదేనని నాకు అనిపించింది. అత్త బిడ్డను ఒళ్ళోంచి దించలేదు. నడి ఇసుకలోకి వచ్చాక అంది.

"దీనికి తవిటమ్మ అని పెట్టొద్దు. తవుడు ఇచ్చింది లేదు, పుచ్చుకుంది లేదు."

"మరేం పెడదాం అత్తా?"

"ఆ మాట ఎనక చూద్దాం. పెద్దోల్లిద్దరికీ పేర్లు లేకుండా చిన్నదానికి పెట్టేదెట్ల?" అత్త నా వైపు తిరిగింది. "ఆపొద్దు నువ్వు ఆమెను అడిగింది నేను ఇన్న్యా. నీ మనసులో వాండ్లకేం పేర్లుండాయి?"

ముందు కూర్చున్న మా ఇంటాయన పగ్గాలు బిగబట్టాడు. బండి నిలిచిపోయింది. ఆయన వెనక్కి తిరగలేదు.

"వానికి ఓబులేసు," అన్నాను. "దానికి సుభద్ర."

తన పేరులో ఉన్న దేవుడి పేరే వాడికి పెట్టుకున్నానని వినగానే అత్త కింది పెదవి కరుచుకుంది. ఒళ్ళోని బిడ్డను గట్టిగా పొదివి పట్టుకుని, ఖాళీ నది వైపు ముఖం పెట్టింది. పొద్దుగూకే వేళ ఆటల్లో పడి ఇల్లు మరిచిన పిల్లల్ని పిలిచినట్టు, గొంతెత్తి పిలిచింది.

"ఒరే ఓబులేసూ! మే సుభద్రా! చెల్లెలు వచ్చింది, రాండి, ఇంటికి పోదాం."

మా ఇంటాయన ముఖం తుడుచుకుని ఎద్దులను అదిలించాడు.